అక్క చూసి వెళ్లిన వాన

గురువారం, రాత్రి

అక్క కదిరి నుంచి ఫోన్ చేసింది. పోయిన వారం బెంగళూరు వచ్చి వెళ్లిందట! కూతురి పెళ్లికి దొడ్డబళ్ళాపురంలో చీరలు కొని, లాల్‌బాగ్ చూసి, మెజెస్టిక్ బస్టాండు దగ్గర లాడ్జిలో ఒక రాత్రి పడుకుని వెళ్లిపోయిందట.

మూడేళ్లుగా నా దగ్గరికి వస్తానంటూనే ఉంది. ఏప్రిల్‌లో అడిగితే ఎండలన్నాను, అదీ కదిరి ఎండల్లో బతికే మనిషితో. ఆగస్టులో అడిగితే వానలకు మా బెళ్ళందూరు రోడ్లు మునుగుతాయన్నాను. డిసెంబరు చలికి మోకాళ్లు పట్టేస్తాయన్నాను. ఫిబ్రవరిలో రా, చెట్ల నిండా గులాబిరంగు పూలుంటాయి అన్నాను. తీరా ఫిబ్రవరి వస్తే నాకు సెలవు దొరకలేదు. నిజానికి అడగనే లేదు.

"ఒక్క మాట చెప్పుంటే వచ్చేదాన్ని కదక్కా" అన్నాను.

"వానాకాలం వద్దని నువ్వే అంటివి కదే. మళ్లా నీకు ఇబ్బందెందుకని చెప్పల్యా. మీ ఊరు ఎంత బాగుండాదే! సన్నగా వాన పడతాంటే గొడుగు మూసేసి తిరిగితి."

గొంతులో కోపమే లేదు. నా సాకులన్నీ నిజమని నమ్మింది. తిట్టినా బాగుండేది...

పోయిన వారం అక్క అలా తిరిగిన సాయంత్రం మారతహళ్ళిలో కూడా అదే వాన. ఆఫీసు కిటికీలోంచి ఫోటో తీసి, 'వానలో బెంగళూరు ఎంత బాగుంటుందో' అని వాట్సాప్ స్టేటస్ పెట్టాను. క్షణాల్లో అక్క ఒక పువ్వు బొమ్మ పంపింది.

కదిరి నుంచే అనుకున్నాను.