చుక్క, నక్షత్రం, శ్యామల మొగుడు

ఖమ్మం,
మే నెల, ఆదివారం

నాగక్కకు,

'పూజ్యురాలైన' అని మొదలుపెట్టను. మనుషులు మనుషులను పూజించడం మొదలైనప్పుడే సమాజం చెడిందని నేను చదివిన కరపత్రంలో స్పష్టంగా ఉంది. అందుకని పిడికిలి బిగించి నమస్కారం.

ఎర్రమద్దిగూడెం మహిళా సంఘానికి నేను ఉచితంగా చేసిపెట్టిన వెబ్‌సైటును నిన్న మళ్లీ చదివాను. చదివి కుర్చీలోంచి లేచాను. లేచి గదిలో అటూ ఇటూ తిరిగాను. శ్యామల పేరు పక్కన బ్రాకెట్లో 'రవికుమార్ భార్య'. ప్రమీల పక్కన 'ఆదినారాయణ భార్య'. జంపక్క పక్కన 'వీరబాబు భార్య'. అక్కా, విస్తరాకు కుట్టేది శ్యామల. ఆ ఆకుకు రవికుమార్ చేసిన సేవ ఏమిటి? అందులో తినడమేనా? సంఘం అధ్యక్షురాలిగా మీరు రాసిచ్చిందే నేను ఎక్కించాను, నిజమే. అప్పుడు నాలో చైతన్యం తక్కువ.

ఒక్కో బ్రాకెట్టునూ చేత్తో చెరుపుతూ కూర్చోవడం సంస్కరణ. నాకు సంస్కరణ చాలదు. వెబ్ ప్రోగ్రామింగులో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అనే ఆయుధం ఉంది. దానికి ఫలానా మాట వెతకమని చెప్పనక్కర్లేదు, మాట ఆకారం చెబితే చాలు. పేజీ తెర మీదకు వచ్చే ముందు ఆ ఆకారంలో ఉన్నదాన్ని పట్టుకుని మార్చేస్తుంది. నేను రాసింది ఇదీ:

\(.*\)

ముందూ వెనకా బ్రాకెట్లు. మధ్యలో చుక్క అంటే ఏ అక్షరమైనా సరే. నక్షత్రం అంటే ఎన్నైనా సరే. అంటే బ్రాకెట్లో ఏ మొగుడున్నా, ఎంత పొడుగు మొగుడున్నా పోతాడు. 'శ్యామల (రవికుమార్ భార్య)' అని ఒక్కటి పెట్టి పరీక్షించాను. 'శ్యామల' అని మిగిలింది. ఆ పేరు అంత ధీమాగా ఒంటరిగా నిలబడటం చూసి నా కళ్లు చెమర్చాయి. వెంటనే సైటంతటికీ తగిలించి, ఆటో కార్మికుల ధర్నాకు వెళ్లిపోయాను.

సమానత్వంతో,
చిరంజీవి

తా.క.: రవికుమార్ గొడవ చేస్తే నా పేరు చెప్పండి. అడ్రసు మాత్రం చెప్పకండి.



ఎర్రమద్దిగూడెం,
ములకలపల్లి మండలం

తమ్ముడు చిరంజీవికి నాగక్క దీవెనలు. దీవెనలు కూడా వద్దని నీ కరపత్రంలో ఉంటే తిరుగు టపాలో పంపెయ్.

మా దగ్గర టవర్ మళ్లీ పడుకుంది. ఒకందుకు మంచిదే. ఫోన్లో నీ కోపం చెవిలోనే పేలుతుంది. ఉత్తరంలోదైతే మడతపెట్టి, చల్లారాక చదువుకోవచ్చు.

నీ ఆయుధం సంగతి చదివి చాలాసేపు ఆలోచించాను. మాటను కాదు, మాట ఆకారాన్ని వెతుకుతుందనడం నాకు నచ్చింది. అడవిలో పుట్టగొడుగుల కోసం మేమూ అట్లనే చూస్తాం. కానీ తమ్మీ, ఒక అనుమానం. నక్షత్రం అంటే ఎన్నైనా సరే అన్నావే, మరి దానికి ఎక్కడ ఆగాలో ఎవరు చెబుతారు?

ఎందుకు అడుగుతున్నానంటే, మొన్న కల్తీలు పట్టే ఆఫీసు నుంచి బూట్లేసుకున్న ఒకాయన గూడేనికి వచ్చాడు. తేనె వండే పొయ్యి చూపించమన్నాడు.

జంపక్క చీపురు కడుతూ తలెత్తింది. "మేం వండుడేందయ్యా? ఈగలు జేస్తయ్."

"మీ వెబ్‌సైట్లో మీరే రాసుకున్నారు కదమ్మా, ఇంట్లో సొంత చేతులతో అని?"

"నా చేతులు జూడు. గివి తేనె జేసే చేతుల్లెక్కనే ఉన్నయా?"

ఆయన చేతులు చూడలేదు. బెల్లం పాకం ఎక్కడైనా దాచామేమోనని గంపల కింద చూశాడు. అక్కడ పొదుగుతున్న కోడి ఉంది. అది ఆయనకు చెప్పాల్సింది చెప్పింది.

నేనూ శ్యామలా ములకలపల్లి నెట్ షాపుకు పోయి పేజీ తెరిపించాం. నీకు మేం రాసిచ్చింది ఇదీ: 'అడవి తేనె (చెట్టుకు మొక్కాకే దించుతాం). విస్తరాకులు శ్యామల (రవికుమార్ భార్య), మామిడి తాండ్ర ప్రమీల (ఆదినారాయణ భార్య), చీపుర్లు జంపక్క (వీరబాబు భార్య) ఇంట్లో సొంత చేతులతో తయారు చేసినవి.'

ఇప్పుడు అక్కడ ఉన్నది ఇదీ: 'అడవి తేనె ఇంట్లో సొంత చేతులతో తయారు చేసినవి.'

అంతే. మొగుళ్లను తీసేస్తానని పోయి పెళ్లాలను మాయం చేశావు. విస్తరాకులు, తాండ్ర, చీపుర్లు కూడా వాళ్ల వెంటే పోయాయి.

నవ్వులాట కాదు తమ్మీ. ఈ ఎండాకాలం తేనె మొత్తం తీసుకుంటానన్న హైదరాబాద్ షాపు సువర్ణ మేడం అది చదివి, 'చేత్తో చేసిన తేనె మాకొద్దు' అని ఉత్తరం రాసింది. ఆమె కాదంటే మేం మళ్లీ పాత దళారి గుమ్మం ముందు, వాడు పెట్టిన తూకానికి తల ఊపుతూ నిలబడాలి. అది మాన్పించడానికే కదా సంఘం పెట్టుకున్నది.

ఇట్లు,
నాగక్క (ఈ బ్రాకెట్ నేనే పెట్టుకున్నాను, ముట్టకు)

తా.క.: రవికుమార్ గొడవ చేయలేదు. శ్యామల చేస్తోంది. నీ అడ్రసు అడిగింది, ఇచ్చాను.



ఖమ్మం,
బుధవారం, ఎండలో

అక్కా,

నమస్కారం పెట్టే తీరిక కూడా లేదు, రక్తం మరుగుతోంది.

నా ఎక్స్‌ప్రెషన్‌లో తప్పు లేదు. పరీక్షించిన చేతులివి. పేర్లు కనిపించలేదంటే ఆ నెట్ షాపు తెర చిన్నదై ఉంటుంది. లేకపోతే ఇందులో దళారి హస్తం ఉంది. అడవి బిడ్డల గొంతు నొక్కడానికి వాళ్లు ఎంత దూరమైనా వెళతారని ఒక కరపత్రంలో మొదటి పేజీలోనే ఉంది. రెండో పేజీ చిరిగిపోయింది కాబట్టి ఎలా వెళతారో నాకు తెలియదు.

అసలు దోషం 'తయారు చేసినవి' అన్న మాటలో ఉంది. అది రాసిచ్చింది మీరు. ఫరవాలేదు, నేను కక్ష పెట్టుకునేవాణ్ని కాను. ఆ మాట కనబడగానే 'అడవి నుంచి సేకరించినవి' అని మార్చేలా ఇంకో ఎక్స్‌ప్రెషన్ రాశాను. దాని చివర జి అనే అక్షరం పెట్టాను. అది లేకపోతే మొదట దొరికిన చోట మార్చి ఊరుకుంటుంది. ఉంటే పేజీ మొత్తం గాలించి ఎక్కడుంటే అక్కడ మారుస్తుంది. మార్పు ఒక్కచోట ఆగిపోతే అది మార్పెట్లా అవుతుంది?

పేజీ తెరిచి చూడలేదు. గీసిన గీత మీద నమ్మకం లేనివాడే మళ్లీ మళ్లీ చూసుకుంటాడు. సువర్ణ మేడంతో ధైర్యంగా చెప్పండి.

ఓటమి ఎరుగని,
చిరంజీవి

తా.క.: శ్యామలక్క ఉత్తరం అందింది. ఆమె వాడిన మాటల్లో కొన్ని నా దగ్గరున్న ఏ కరపత్రంలోనూ లేవు. అర్థం చెప్పగలరా? వద్దులెండి.



ఎర్రమద్దిగూడెం

తమ్ముడు చిరంజీవికి,

దీవెనలు ఈసారి కొంచెం తక్కువ పంపుతున్నాను, సర్దుకో.

పోయిన ఉత్తరంలో నేనడిగినదానికి జవాబు చెప్పలేదు. నక్షత్రం ఎక్కడ ఆగుతుంది? ఇప్పుడు దానితో పాటు నీ జి అక్షరం కూడా ఎక్కడ ఆగుతుందో చెప్పు. ఎందుకంటే అదే పేజీ కింద పచ్చళ్ల వరుసలో 'ఉసిరి పచ్చడి, ఎండు రొయ్యల పొడి ప్రమీల తయారు చేసినవి' అని ఉండేది. ఇప్పుడు అవి అడవి నుంచి సేకరించినవి అయ్యాయి.

దాంతో ఒక యూట్యూబ్ కుర్రాడు కెమెరాతో దిగాడు. మా కొండమ్మ ముసలిది గడపలో కూర్చుని ఉంది.

"అవ్వా, పచ్చడి కాసే చెట్టెక్కడుంది?"

"ఏ పచ్చడి బిడ్డా?"

"ఉసిరిది."

"గదైతే గా గుట్ట ఎన్క ఉంటది."

"రొయ్యల పొడి?"

"గది ఇంకింత లోపలికి వోవాలె. జల్దీ పో, కోతులు తినిపోతయ్."

పొద్దుగూకేదాకా తిరిగి, ముళ్లు గీరుకుపోయిన చేతులతో వచ్చాడు. ప్రమీల అన్నం పెట్టింది. రొయ్యల పొడి రుచి చూసి, "అడవి వాసన తెలుస్తోందండీ" అన్నాడు. ప్రమీల ఇంకో చెంచా వేసింది.

ఇప్పుడు అసలు సంగతి. మగవాళ్లు కూడా పోయి పేజీ చూసి వచ్చారు. తేనె దించేది వాళ్లే కదా. పేర్లు లేవని అలిగి కల్లంలో కూర్చున్నారు. నేను పోయి బతిమాలాను.

"మా పేర్లను మింగినంక మేమెందుకెక్కాలె?" అన్నాడు వీరబాబు. "గా నక్షత్రాన్నే ఎక్కమను చెట్టు."

రవికుమార్ అయితే ఇంకా నయం. "నా పేరొక్కటే దీస్తే ఊకుందు, నన్ను దీసి శ్యామలనూ దీసిండు. ఇంట్ల నాకు కూడు బంద్" అన్నాడు.

శుక్రవారం సువర్ణ మేడం స్వయంగా వస్తోంది. తన కళ్ల ముందు తేనె దించితేనే తీసుకుంటుందట, లేకపోతే ఇంకో ఊరు చూసుకుంటుందట. ఎక్కేవాళ్లు అలిగారు, కుట్టేది అలిగింది, పేజీలో పచ్చడి చెట్లు కాస్తున్నాయి. ఏం చేయమంటావు?

ఇట్లు,
నాగక్క (కోపంగా)

తా.క.: ఆ కుర్రాడు రొయ్యల విత్తనాలు ఏమైనా ఉంటే కొంటానన్నాడు. కొండమ్మ బేరం మొదలుపెట్టబోతే నేనే ఆపాను.



ఖమ్మం,
మంగళవారం

గౌరవనీయురాలైన నాగక్కకు (ఈసారికి ఉండనివ్వండి),

పేజీ తెరిచి చూశాను. కాసేపు తలుపు గడియ పెట్టుకుని కూర్చున్నాను.

మీరు మొదటి ఉత్తరంలోనే అడిగారు, ఎక్కడ ఆగాలో ఎవరు చెబుతారని. ఎవరూ చెప్పలేదు అక్కా. నక్షత్రం ఆశపోతు. మొదటి బ్రాకెట్ దగ్గర పట్టుకుని వరుస చివరిదాకా పరుగెత్తుతుంది. అక్కణ్నుంచి వెనక్కి వస్తూ, అన్నిటికంటే చివరన దొరికిన బ్రాకెట్ దగ్గర నోరు మూస్తుంది. మధ్యలో ఉన్నదంతా దాని కడుపులోకే. నేను ఆ సరుకులన్నీ ఒకే వరుసలో రాసి ఉండటంతో గూడెం గూడెమంతా దాని నోట్లో పడింది. ఒక్క శ్యామలక్కతో పరీక్షించాను కదా, అక్కడ మొదటి బ్రాకెట్టూ చివరి బ్రాకెట్టూ ఒకటే, అందుకే బుద్ధిగా కనిపించింది. ఆశపోతుతనం మీద నేను నాలుగు వీధుల్లో కరపత్రాలు పంచాను. నా గీతలో అదే కూర్చుని ఉంది.

మందు ఎంత చిన్నదో చూడండి:

\(.*?\)

నక్షత్రం పక్కన ఒక ప్రశ్నార్థకం. అంతే. అది ఉంటే ఒక్కో అక్షరం దగ్గరా ఆగి, 'ఇంతటితో చాలా?' అని అడుగుతుంది. మొదట దొరికిన మూసే బ్రాకెట్ దగ్గర చాలనుకుంటుంది. ఇది చూశాక నా కరపత్రాలన్నీ తిరగేశాను. అన్నీ ఆశ్చర్యార్థకాలే అక్కా, ప్రశ్నార్థకం ఒక్కటి దొరకలేదు.

ఎక్స్‌ప్రెషన్లు రెండూ తీసేశాను. అవి తెర మీది మాటల్నే మార్చాయి కానీ అడుగున మీరు రాసిచ్చింది భద్రంగా ఉంది. పాత పేజీ తిరిగి వచ్చింది, భర్తలతో సహా. మొగుళ్ల పేర్లు ఉండాలా పోవాలా అని నేను ఆ ముగ్గురినీ అడగనే లేదని ఇప్పుడు గుర్తొచ్చింది. అడిగి చెప్పండి. శుక్రవారం సంగతి తలుచుకుంటే అన్నం సహించడం లేదు.

ఇట్లు,
చిరంజీవి

తా.క.: శ్యామలక్క దగ్గర్నుంచి ఇంకో ఉత్తరం వచ్చింది. విప్పలేదు. కవరు పట్టుకుంటేనే కాలుతోంది.



ఎర్రమద్దిగూడెం,
శనివారం

తమ్ముడు చిరంజీవికి దీవెనలు, ఈసారి నిండుగా.

నీ ఉత్తరం నిన్నటి బస్సులో దిగింది. అదే బస్సులో సువర్ణ మేడం కూడా దిగింది. విప్పి చదివే తీరిక ఎక్కడిది?

"తేనె ఎక్కడ దించుతారు?" అని అడిగింది మేడం. మేం మగవాళ్ల వైపు చూశాం. వాళ్లు ఆకాశం వైపు చూశారు.

జంపక్క లేచింది. కొంగు బిగించి నడుముకు చుట్టింది. నల్లమద్ది చెట్టుకు మొక్కి, నడుముకు తాడు కట్టి, పొగ పెట్టే పుల్లల కట్ట భుజాన వేసుకుని ఎక్కడం మొదలుపెట్టింది. ఆమె ఎప్పుడూ ఎక్కలేదు. సగం దూరం పోయాక కొమ్మ ఊగింది. వీరబాబు ఆకాశాన్ని వదిలి కొమ్మ వైపు చూశాడు.

"అరే దిగవే! ఇరుగుతది!"

"పేరు గావాల్నా, తాడు వడ్తవా?" అని పైనుంచి అరిచింది.

పరుగెత్తుకొచ్చి తాడు పట్టాడు. రవికుమార్ వచ్చి వీరబాబును పట్టాడు. ఆదినారాయణ వచ్చి ఎవరిని పట్టాలో తెలియక చెట్టును పట్టాడు. జంపక్క తేనెపట్టులో ఈగలకు వదలాల్సింది వదిలి, మిగతాది దించింది. మేడం దగ్గరికి పోయి చూడబోతే ముక్కు మీద ఒక ఈగ కుట్టింది. దాంతో నమ్మకం కుదిరింది. బెల్లం పాకం కుట్టదు కదా.

వాచిన ముక్కుతోనే మేడం ఒప్పందం కాగితం తీసింది. అందులో ఆడవాళ్ల పేర్ల కింద 'భర్త పేరు' అని ఒక గడి ఉంది. నీ ఉత్తరం అప్పుడే చదివాను, అందరికీ వినిపించాను కూడా. జంపక్క పెన్ను తీసుకుని ఆ గడి మీద అడ్డంగా ఒక గీత కొట్టింది. చుక్క లేదు, నక్షత్రం లేదు.

గీత కొంచెం పొడుగైంది. పక్కనున్న 'ప్రతి నెలా తప్పక పంపవలసిన తేనె' అన్న గడి కూడా పోయింది.

"అయ్యో అక్కా, ఎంత పంపాలో అది కూడా కొట్టేశారు. ఇప్పుడు ఎంత రాయమంటారు?" అంది మేడం.

జంపక్క ఆ కాగితం వైపు చూసింది, చెట్టు వైపు చూసింది. "ఈగలు వెట్టినంత. గది కొట్టుడే మంచిగైంది."

మేడం ముక్కు తడుముకుంది. తర్వాత అదే మాట రాసి సంతకం పెట్టింది. దళారి గుమ్మం తప్పింది తమ్మీ.

నువ్వడిగినదానికి జవాబు. మా గూడెంలో శ్యామలలు ముగ్గురు, జంపక్కలు ఇద్దరు. ఎవరు ఎవరో తెలియాలనే మొగుళ్ల పేర్లు పెట్టుకున్నాం, వాళ్ల మీద మోజుతో కాదు. ఇకనుంచి 'శ్యామల (విస్తరాకులు)', 'ప్రమీల (తాండ్ర)' అని రాయి. జంపక్క తనకు 'చీపుర్లు' చాలదంటోంది, 'చెట్టు కూడా' అని చేర్చమంది.

ఇట్లు,
నాగక్క (ఇంకా నవ్వుతూ)

తా.క.: వీరబాబు పొద్దున్నే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. తనకూ పేజీలో ఒక వరుస కావాలట: 'తాడు పట్టేది వీరబాబు (జంపక్క భర్త)'. ఆ బ్రాకెట్ మీద నీ చెయ్యి పడిందా, ఖమ్మం వచ్చి నీతో మాట్లాడతాడట.