రెండు ముక్కుల్లోనూ నస్యం

మామగారికి,

నమస్కారాలు. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే ఇక్కడ కుశలం లేదు, ముక్కుదిబ్బడే ఉంది. ఏడాది పొడుగునా ఇదే కఫం. నా గురకకి తాళలేక మీ అమ్మాయి పెట్టె సర్దుకుని మీ దగ్గరికి వచ్చేసింది కదా. తను లేని ఇల్లు ఇల్లులా లేదండీ. కాఫీ మాడిపోయినా నాకు వాసన తెలీదు. ఇంతమందికి వైద్యం చేశారు, ఈ ముక్కుకీ ఓ దారి చూపించండి.

మీ అల్లుడు

తా.క. ఫోన్లో 'నా ముక్కు' అంటే మీ అమ్మాయికి 'దా బుక్కు' అని వినపడింది. లైబ్రరీలో పనిచేసేవాణ్ణి కదా, ఏ బుక్కూ అని అడిగింది. అందుకే ఉత్తరం.

*

అల్లుడుగారికి,

ఆశీస్సులు. కఫం మొండిది, బతిమాలితే పోదు. పొద్దున్నే ఆవిరి పట్టండి, చల్లటివి మానెయ్యండి. అన్నిటికంటే ముఖ్యం, రోజూ రెండు ముక్కుల్లోనూ నస్యం వేసుకోండి. ముక్కు శుభ్రపడేదాకా అమ్మాయిని పంపేది లేదు. ఇది మామగా కాదు, వైద్యుడిగా చెప్తున్నాను.

మీ మామ

తా.క. మామగా అడిగినా అదే చెప్తాను.

*

మామగారికి,

తుమ్ముల మధ్య నమస్కారాలు. మా తాతగారి దురలవాటు ఇంత గొప్ప వైద్యమని ఇన్నాళ్లూ తెలీదు. సందు చివరి కొట్లో నస్యం అడిగితే, ఘాటుదా, మామూలుదా అన్నాడు. ఘాటుదే కొన్నాను. లైబ్రరీలో 'నిశ్శబ్దం' బోర్డు కింద కూర్చునేది నేనే. నేను తుమ్మినప్పుడల్లా కునుకు తీస్తున్న పాఠకులు ఉలిక్కిపడి లేచి, చదవని పుస్తకాలు కూడా తిరిగిచ్చేసి పోతున్నారు. ఇలాగే కానివ్వమంటారా?

మీ అల్లుడు

తా.క. ఈ కాగితం మీద మరకలు సిరావి కావు. చేతులు కడుక్కోండి.

*

అల్లుడుగారికి,

ఆశీస్సులు. శభాష్! తుమ్ములొస్తున్నాయంటే కఫం కదిలిందన్నమాట. ఇప్పుడు వెనక్కి తగ్గకండి, మోతాదు పెంచండి. వెల్లకిలా పడుకుని, తల వెనక్కి వాల్చి, ముక్కులో పోసుకుని గట్టిగా పీల్చండి.

మీ మామ

తా.క. ముందు కాస్త వేడి చేసుకోండి.

*

మామగారికి,

బతికే ఉన్నాను. మీరు చెప్పినట్టే పెనం మీద వేడి చేశాను. వీధి వీధంతా తుమ్మింది. ఆ తర్వాత పోసుకుని పీల్చాను. అప్పుడేం జరిగిందో పక్కింటాయన్ని అడగాలి, కానీ ఆయన నాతో మాటలు మానేశాడు. లైబ్రరీలో నన్ను కౌంటర్లోంచి లేపి, పాత పేపర్ల గదిలో పడేశారు. మీ అమ్మాయి కోసం ఏమైనా భరిస్తాను. ఇంకా ఎన్ని డబ్బాల ముక్కుపొడుం పట్టాలో మాత్రం సెలవివ్వండి.

మీ అల్లుడు

తా.క. పక్కింటి పిల్లి ఇల్లు మారింది.

*

అల్లుడుగారూ!

ముక్కుపొడుమా? నేను చెప్పింది నూనె చుక్కలండీ బాబూ! మా వైద్యంలో నస్యమంటే ముక్కులో వేసే తైలం. సీసా పంపుతున్నాను. ఒక్కో వైపు రెండే చుక్కలు, గోరువెచ్చగా.

మీ మామ

తా.క. మీకు వైద్యం చేసింది నేనని ఎక్కడా అనకండి.

*

మామగారికి,

నిండు మనసుతో నమస్కారాలు. ముక్కు తెరుచుకుంది! కాఫీ వాసన తగిలితే కళ్లనీళ్లొచ్చాయి. గురక మాయం. ఇల్లంతా ఎంత నిశ్శబ్దమంటే, చప్పుడు లేదేమిటా అని పక్కింటాయనే వచ్చి చూసి వెళ్లాడు. ఇంక మీ అమ్మాయిని పంపండి. స్టేషనుకి నేనే వస్తాను.

మీ అల్లుడు

తా.క. ఫోన్ చేసి 'నా ముక్కు' అన్నాను. మీ అమ్మాయి గుర్తుపట్టక రాంగ్ నంబరని పెట్టేసింది.

*

అల్లుడుగారికి,

ఆశీస్సులు, వాటితోపాటు కాస్త జాలి. మీ ఉత్తరం ఇంట్లో అందరికీ వినపడేలా చదివాను, అదే నేను చేసిన పొరపాటు. అమ్మాయి వచ్చిన దగ్గర్నుంచీ ఇక్కడ గురక మొదలైంది. మీరా, ఇక్కడ లేరు. ఆ గురక అమ్మాయిదేనండీ! తన గురకకి తనే ఉలిక్కిపడి లేచి, పక్కన మీరున్నారు కాబట్టి మీకు అంటగట్టింది. మీ అత్తగారికి కంటి మీద కునుకు లేదు. మీ ఇల్లు నిశ్శబ్దంగా ఉందని వినగానే ఆవిడ పెట్టె సర్దేసింది. నేనూ వస్తానని అమ్మాయి ఏడిస్తే, "నువ్వొస్తే ఇంక నేనెందుకే వెళ్లడం? నీ ముక్కు బాగయ్యేదాకా మా అల్లుడి దగ్గరికి పంపేది లేదు" అని తేల్చేసింది. ఈ ఉత్తరం మీకందే వేళకి ఆవిడ బండిలో ఉంటుంది. తిరుగు టిక్కెట్టు తీసుకోలేదు.

మీ మామ

తా.క. చేతిరాత వంకరగా ఉంటే ఏమీ అనుకోకండి. పక్క గదిలో అమ్మాయి ఇప్పుడే నడుం వాల్చింది, ఇక్కడ బల్ల అదురుతోంది.