లోపలి తోటకు కప్పు వేయరాదు

చిరంజీవి యసుహిదేకు,

ముందుగా నీ మాట ఒకటి సరిచేయాలి. మీ నాన్న సంవత్సరీకం భోజనాల దగ్గర నలుగురిలో నువ్వన్నది నాకు వినిపించింది: "అమ్మకి మతి కాస్త జారింది. రాళ్లకి నీళ్లు పోసుకుంటూ కూర్చుంటోంది." చెవులు జారలేదు నాయనా. ఇంటి నడుమ ఉన్న ఆ చిన్న తోటలో రాళ్లు తడిపి, వీధి వాకిలి పొడిగా వదిలితే, గాలి గదులగుండా దానంతటదే నడుస్తుంది. క్యోతోలో పుట్టినవాడికి ఇది చెప్పాల్సి వస్తోంది. మీ నాన్నవైపు పోలిక అనుకుంటాను.

కనుక నిషివాకి తోమి అను నేను, ఎనభై మూడేళ్ల వయసులో, స్థిరబుద్ధితో, ఎవరి ఒత్తిడికీ ప్రలోభానికీ లొంగక (ప్రయత్నాలు జరిగాయి, రెండో అంశం చూడండి) స్వహస్తంతో రాసిన వీలునామా ఇది.

1. పక్క ఊరు ఒత్సులోని ఖాళీ స్థలం కుమారుడు యసుహిదేకు సర్వహక్కులతో చెందుతుంది. చదునుగా, ఎండగా, నాచు అన్నది లేకుండా ఉంది. ఎన్ని గదులైనా కట్టుకో.

2. నువ్వు తెచ్చిన ఏసీ పెట్టె విప్పకుండా ఉంది. అదీ నీకే. నాకు ఉక్కపోస్తుందని తెచ్చానన్నావు. నేను ఆస్పత్రి నుంచి వచ్చేసరికి తోట రాళ్లమీద సుద్దగీతలు, మూలమూలకీ మేకులు. పిల్లి పని అనుకుందామంటే, పిల్లి కొలతలు తీయదు. అడిగితే, "కప్పేస్తే ఒక గది కలిసొస్తుందమ్మా. గోడనిండా ప్లాస్టిక్ ఆకులు పెట్టిద్దాం. పచ్చగా, ప్రశాంతంగా ఉంటుంది. వాడిపోవు కూడా" అన్నావు. వాడిపోనిదాన్ని చూస్తే నాకు ప్రశాంతత కలగదు, అనుమానం కలుగుతుంది.

3. కోడలు మిచియోకు, పూలు అమర్చే ఇత్తడి కూజా. "అత్తయ్యగారూ, ఆ నాచుకి ఎంత సేవ చేస్తున్నారో, పాపం ఆ నడుము!" అంటుంది. మా వీధిలో పొగడ్తకు ఎప్పుడూ పెరటిగుమ్మం ఉంటుంది. ఆ నడుము మాట వెనక వృద్ధాశ్రమం ఉందని అనుమానించాను. ఆమె సంచిలో వాళ్ల కరపత్రం కనిపించింది. అయినా పువ్వు కోసే చెయ్యి ఆమెది మంచిది. నా ఊదారంగు చలికోటు కూడా ఆమెకే. చలికి వేళ్లు పగులుతాయి, ఎవరికీ చెప్పదు. ఆ కోటు జేబులు లోతైనవి.

4. ఈ ఇల్లు, లోపలి తోటతో సహా, మనుమరాలు మినోరికి చెందుతుంది. కారణం రాయకపోతే దావా వేస్తారు, కాబట్టి రాస్తున్నాను. ఆస్పత్రికి అందరూ మర్యాద ప్రకారం కోసిన పూలు తెచ్చారు. మినోరి వేళ్లతో సహా ఫెర్న్ మొక్కను కుండీలో తెచ్చింది. మా మాటలో వేరూనడానికీ మంచం పట్టడానికీ పలుకు ఒకటే. రోగికి కుండీ ఇవ్వడమంటే ఇక లేవకు అని దీవించడం. మిచియో మొహం పాలిపోయింది. ఇల్లు ఎవరికి తొందరగా కావాలో తేలిపోయిందనుకున్నాను.

"తెలిసే తెచ్చావా?" అన్నాను.

"తెలిసే తెచ్చా నానమ్మా. మన తోటలోదే, నాన్న పీకించేశారు. నాకా నాటడం రాదు. మీరొచ్చి నాటకపోతే ఇది చస్తుంది. ఇంక పడుకున్నది చాలు, లేవండి" అంది.

ఆ మాటనూ కొన్నాళ్లు అనుమానించాను. ఇంటికొచ్చాక దాని చేతే నాటించి చూశాను. అబద్ధమాడేవాళ్లు అంత అధ్వాన్నంగా నాటరు.

షరతు: తోట మీది ఆకాశాన్ని మూయరాదు, గాజుతో సైతం. వాన ఇంటి లోపల పడాలి. షరతు తప్పితే ఇల్లు పక్కవీధి బౌద్ధాలయానికి పోతుంది. వాళ్లు నాకంటే అనుమానస్తులు.

క్యోతో, 2019 మే 21.
నిషివాకి తోమి (సంతకం, ముద్ర)

సాక్షులు: ఒకుమురా కినుయో, పక్కింటావిడ (చదవకుండానే సంతకం పెట్టానంది, నమ్మను), హమాదా రోకురో, విశ్రాంత ఉపాధ్యాయుడు.

మినోరీ, ముద్ర పడ్డాక రాసింది చట్టానికి చెల్లదట. నీకు చెల్లుతుంది. ఎండాకాలం బిగించే రెల్లు తలుపులు అటకమీద ఉన్నాయి. ఒకదానికి పుల్లలు విరిగాయి. ఇది చదివిన మర్నాడే వడ్రంగి తెరమోతో దగ్గరికి తీసుకెళ్లు. తీరిక లేదంటాడు. కూర్చో. టీ ఇస్తాడు, తాగి మళ్లీ కూర్చో. బండిలో పడుకోబెడితే రెల్లు నలుగుతుంది, నిలబెట్టి మోసుకెళ్లాలి. రెండో కొస మీ నాన్నను పట్టుకోమను.