వేపమండలు పీకిన చెయ్యి

చిట్టీ,

నువ్వు పోయి నేటికి పదమూడేళ్ళు. ఈ ఉత్తరం ఏ డబ్బాలోనూ వెయ్యను.

పొద్దున మన టాటానగర్ పర్సుడీహ్ బస్తీకి ఒక తెలుగు నర్సమ్మ వచ్చింది. ఎయిడ్స్ అని కొత్త రోగం దేశదేశాలకూ పాకుతోందని, అనుమానముంటే దాచొద్దని చెప్పింది. మావయ్య అరుగు మీంచి లేవకుండానే, "అది తెల్లోల్ల రోగం. మా ఈదిలో అలాటోల్లెవులూ నేరు తల్లీ," అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఇకిలించారు.

నీకు మశూచి సోకినప్పుడూ ఇంతే. అమ్మవారు పోసిందన్నారు. చుట్టాలు నీ మంచం పక్కనే అమ్మవారికి పెట్టిన చలిదన్నం తిని, టాటానగర్‌లో రైలెక్కి ఊళ్ళకు రోగాన్ని మోసుకుపోయారు. ఇన్ని చావులు చూసి మనవాళ్ళు నేర్చుకున్నది దాచడమొక్కటే.

మావయ్య మొహాన ఉమ్మెయ్యాలనిపించింది. కానీ ఆ రోజు టీకాలవాళ్ళు వస్తున్నారని గుమ్మానికి కట్టిన వేపమండలు పీకేసింది నేను. "మా ఇంట్లో ఎవులికీ ఏటీ నేదు బాబూ," అని వాళ్ళతో చెప్పిందీ నేనే.

లోపల్నుంచి నువ్వు, "అన్నియ్యా, నీల్లు," అంటున్నావు. అది వాళ్ళకు వినపడకుండా తలుపు దగ్గరగా లాగాను.