వేపమండ సాక్ష్యం

చెల్లీ ప్రమీలా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున్నే అమ్మను గవర్నర్‌పేటలో లాయరుగారి దగ్గరికి తీసుకెళ్లాను. మొటిమలకు డాక్టరిచ్చిన మాత్రలు వేసుకున్నాకే నీ ఒళ్లంతా బొబ్బలెక్కిందనీ, అతన్ని కోర్టుకీడ్చాలనీ చెప్పాను.

"అమ్మవారు పోసిందని గుమ్మానికి వేపమండ కట్టింది మీరేనటగా? వీధంతా చూసింది. కోర్టులో డాక్టరూ అదే అంటాడు. మాత్రల వల్లేనని అప్పుడు ఒక్కరైనా అన్నారా?" అన్నారాయన.

అమ్మే చెప్పింది.

"మా పిల్లే అందండీ. 'అమ్మవారు కాదమ్మా, ఆ మాత్రలే' అంది. అమ్మవారికి కోపమొస్తుందని దాని చేత లెంపలేయించానండీ. ఆ బొబ్బల మీదే."

లాయరుగారు కలానికి మూత పెట్టేశారు.

ఆ లెంపలేసుకున్నాక నువ్వు మళ్లీ ఆ మాట ఎత్తలేదు, చెల్లీ.