అన్నం మెతుకుల గోడ

1984 జూన్, శనివారం రాత్రి, పిస్కాటవే

రేపే లైబ్రరీలో చేత్తో చేసిన పుస్తకాల ప్రదర్శన. నా పుస్తకం తెరుచుకోవడం లేదు.

సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టే గోడల గురించి చేసిన పుస్తకం అది. అందుకే నేనూ జిగురు, దారం ముట్టలేదు. మందపాటి కాగితాలను రాళ్లలా చించి, రాసి, ఒకదాని మీద ఒకటి పేర్చాను. చూసేవాళ్లు ఒక్కోటీ తీసి చదివి, మళ్లీ గోడ కట్టాలి.

మధ్యాహ్నం నేను బజారుకు వెళ్లినప్పుడు అత్తయ్య దాన్ని చూశారు. పుస్తకం ఊడిపోయిందని జాలిపడ్డారు. గుంటూరులో ఇంట్లో పిల్లలందరి పుస్తకాలూ అతికించిన చెయ్యి! అన్నం మెత్తగా నలిపి, ప్రతి కాగితానికీ పూసి, పైన బరువుకి బియ్యం బస్తా పెట్టారు.

"ఇప్పుడు లాగి చూడమ్మా, ఒక్కటి ఊడితే నన్నడుగు."

లాగాను. నిజంగానే ఊడలేదు.

మా ఆయన నవ్వాపుకోలేక గరాజ్‌లోకి పారిపోయారు. నేను నోరు తెరిచేసరికి అత్తయ్య రేపటికని పట్టుచీర ఇస్త్రీ చేసుకుంటున్నారు.

"నేనూ ఓ చెయ్యి వేశానని చూడ్డానికొచ్చే వాళ్లకి ఇంగ్లీషులో చెప్పమ్మా."

ప్రదర్శన కార్డు మీద 'జిగురు వాడలేదు' అన్న మాట కొట్టేసి, నా పేరు కింద ఆవిడ పేరు రాశాను.

ప్రస్తుతం నా కళాఖండం వంటింట్లో, చీమలు పట్టకుండా, నీళ్లు పోసిన పళ్లెంలో బోర్లించిన గిన్నె మీద, నేతి డబ్బాలా కూర్చుని ఉంది.