నా బ్యాగు నేనే మోస్తాను

అక్కా, ఇక్కడ నేను బాగానే ఉన్నాను. ఈ చలిలో కొండెక్కొద్దని నువ్వు రాసిన కార్డు అందింది. ఎక్కుతున్నాను.

పోయినసారి సగం దారి నుంచి నా బ్యాగు వేరేవాళ్లు మోశారు, నిజమే. ఖాళీ బ్యాగే మూడు కిలోలుంటే ఎవరి నడుము మాత్రం నిలుస్తుంది? ఈసారి మంచులో ఒక రాత్రి గుడారంలో పడుకోవాలి. అందుకే స్లీపింగ్ బ్యాగు, కోటు, గిన్నె అన్నీ దిండు గలీబులో కుక్కి బ్యాగుల కొట్టుకి పట్టుకెళ్లాను. "ఆడవాళ్లకి ఇది చాలమ్మా," అని కొట్టతను ఓ బుల్లి బ్యాగు తీశాడు. "ముప్పయ్యేళ్లుగా బట్టలు కుడుతున్నాను. కొలతలు తీయకుండా ఒక్క జాకెట్ ముట్టుకోలేదు. ముందు నా సామాను పట్టించి చూపించు," అన్నాను. ఏడు బ్యాగులు నింపి విప్పాక ఎనిమిదోది నచ్చింది. ఖాళీగా కిలో కూడా లేదు.

ఇంటికొచ్చాక దర్జీ చెయ్యి ఊరుకుంటుందా? ఇంకా తేలికవుతుందని వేలాడే పట్టీలన్నీ కత్తిరించేశాను. వాటితోపాటు నడుంపట్టీ కూడా పోయింది. ఎత్తుకుంటే బరువంతా భుజాల మీదే పడింది! మళ్లీ రెండు పేటల దారంతో నేనే కుట్టేశాను. నిన్న సామానంతా పెట్టుకుని మేడమెట్లు ఇరవైసార్లు ఎక్కి దిగాను. కుట్టూ సడల్లేదు, నేనూ సడల్లేదు.

అమ్మ అల్లిన ఉన్ని మేజోళ్లు నీ పెట్టెలో ఉన్నాయి, వెంటనే పంపు. చిన్నదానికి దగ్గు తగ్గిందా?

ఈసారి నా బ్యాగు ఎవరు మోస్తారని బావగారు నవ్వారని రాశావు. ఆయనకు నా నమస్కారాలు చెప్పి, ఆయన్నీ రమ్మను. బ్యాగులో ఆయన శాలువాకి చోటుంది, సలహాలకి లేదు.

నీ చెల్లెలు